బీ ఫారంలో రెండో పేరు

మా ఇంట్లో ఒక ఎమ్మెల్యే ఉంది. అది నేను కాదు. ఈ ముక్క చెబితే నా గురించి సగం చెప్పినట్టే. మిగతా సగం మొన్నటి ఎన్నికలప్పుడు జరిగింది.

భూమిక నా తోడికోడలు, మా మరిది భానుప్రసాద్ భార్య. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. ఆమె ఈ ఇంట్లో కాలుపెట్టేనాటికే నేను ఊరి సర్పంచిని. రెండుసార్లు గెలిచాను. ఊరికి నీళ్ళు రావట్లేదని పంపుహౌజు ముందు మూడు రోజులు ఎండలో కూర్చున్నదాన్ని. పోయిన ఎన్నికల్లో పార్టీవాళ్ళు ఈ సీటు ఆడమనిషికి ఇద్దామనుకున్నప్పుడు ఊరంతా నా పేరే అనుకున్నారు. ఊరేమిటి, నేనూ అనుకున్నాను. హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చి మా ముందరి గదిలో కూర్చున్నారు. నాతో గంట మాట్లాడారు. ఆఖర్లో భూమిక చాయ్ తెచ్చింది, ఆమెతో పది నిమిషాలు మాట్లాడారు. వారానికి టికెట్ వచ్చింది, భూమికకు. డిగ్రీ చదివిందట, ఇంగ్లీషు వచ్చట, మైకు ముందు తడబడదట. ఆ చాయ్ పెట్టింది మాత్రం నేనే.

ఆమె గెలిచింది. అప్పటి నుంచి నా సంగతి అడగొద్దు. నా పడకగది ఎమ్మెల్యే ఆఫీసయింది, గాలి బాగా వస్తుందని. 'సర్పంచమ్మ' అని పిలిచిన జనమే 'మేడం వాళ్ళక్క' అనడం మొదలుపెట్టారు. పెన్షన్ కోసం వచ్చిన ముసలమ్మలు నా చేతి చాయ్ తాగి, నా భుజం మీదుగా లోపలికి తొంగి చూసేవాళ్ళు, మేడం లేచిందా అని. లేచింది తల్లీ, తల దువ్వుకుంటోంది. ఇంకెవరైనా అయితే ఏమో గానీ, నాకు మాత్రం కడుపు మండిపోయేది. దాచుకోవడమెందుకు, ఐదేళ్ళు మండింది.

ఎన్నికల్లో డమ్మీ అని ఒకటుంటుంది. పార్టీ ఇచ్చే బీ ఫారంలో అభ్యర్థి పేరు కింద రెండో పేరు ఒకటి రాస్తారు. ఏ కారణంచేతనైనా అభ్యర్థి నామినేషన్ కొట్టేస్తే ఆ రెండో పేరు వాళ్ళు నిలబడతారు. కొట్టేయకపోతే రెండో పేరే కొట్టేస్తారు, అంతే. పోయినసారీ ఈసారీ ఆ రెండో పేరు నాదే, సులోచన. నాకు కాగితాల పని తెలుసు కదా మరి. ఇద్దరి దరఖాస్తులు నింపడం, ఫొటోలు అంటించడం, ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో గుర్తు పెట్టడం, అన్నీ నేనే. "అక్కా, నువ్వు ఎక్కడ పెట్టుమంటే అక్కడ పెడ్త," అనేది భూమిక. నిజంగానే చదవకుండా పెట్టేది.

నామినేషన్‌కు మూడు రోజుల ముందు బాసరకు వెళ్ళాం. కాగితాలు అమ్మవారి పాదాల దగ్గర పెట్టించాలని మా అత్తమ్మ సత్తవ్వ పట్టు. అక్కడ పంతులు ముహూర్తం ఇప్పుడే బాగుందన్నాడు. భూమిక కాగితాల కట్టలోంచి ప్రమాణ పత్రం తీసి, రాజ్యాంగం పట్ల విశ్వాసం, విధేయత అంటూ గుళ్ళోనే గట్టిగా చదివేసి, కింద సంతకం చేసింది. యాత్రికులు చప్పట్లు కొట్టారు. ఎవరో వీడియో కూడా తీశారు. నాకూ అందులో తప్పేమీ తోచలేదు.

నామినేషన్ల ఆఖరి రోజు శుక్రవారం. ఊరేగింపు బయల్దేరేసరికే పన్నెండయింది. డప్పులు, ట్రాక్టర్లు, పూలు. ఎన్నికల అధికారి ఉండే ఆర్వో ఆఫీసు దగ్గరికి చేరేసరికి రెండున్నర. లోపలికి ఐదుగురినే రానిచ్చారు. భూమిక, నేను, మా మరిది, వకీలు, ప్రతిపాదకుడు ఇనాయతుల్లా. ఇనాయతుల్లా నేను సర్పంచిగా ఉన్నప్పటి నుంచి మా ఇంటి బండ్లు నడిపే మనిషి. ఇప్పటికీ నన్ను సర్పంచమ్మా అనేది ఆయనొక్కడే.

భూమిక కాగితాలు ఇచ్చి కూర్చుందో లేదో, హైదరాబాదు నుంచి పెద్ద నాయకుడు వచ్చాడని బయట ఒకటే గోల. మా మరిదీ వకీలూ పరుగెత్తారు. ఒక పిల్లవాడు కిటికీలోంచి అరిచాడు, సారు మిమ్మల్ని బండెక్కమంటున్నారు మేడం, అని.

"అక్కా, నా పని అయినట్టేనా?" అంది భూమిక లేస్తూ.

"నువ్వు పో, నేను చూసుకుంటా," అన్నాను. అప్పటికి నా మనసులో ఏ పాపమూ లేదు. ఎవరి మీద ఒట్టేయమన్నా వేస్తాను.

తర్వాత నా వంతు వచ్చింది. అధికారి ముందు నిలబడి ప్రమాణం చదివి, ఆయన కళ్ళముందే సంతకం చేశాను. ఆయన భూమిక కాగితాలు మళ్ళీ తిరగేసి ఆగాడు.

"మేడం గారు ప్రమాణం చేయలేదు."

"చేసింది సార్. సంతకం కూడ ఉన్నది సూడుండ్రి."

"తేదీ మూడు రోజుల కిందటిది వేశారు. నామినేషన్ ఇచ్చాక, మా ఎదుట చదివి సంతకం చేయాలి. ఇది చెల్లదు. ఆమెను పిలవండి."

కిటికీలోంచి చూశాను. భూమిక ప్రచారం బండి మీద ఉంది. నాయకుడు ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. మైకు ఆమె చేతికిచ్చారు. "అక్కలారా, మన ఊరి నీళ్ళ కోసం పంపుహౌజు ముంగట మూడు దినాలు ఎండల కూసున్నం మేం," అంటోంది. మేం! ఆ మూడు రోజులనాటికి ఆమె కాపురానికే రాలేదు, కరీంనగర్‌లో కాలేజీకి పోతోంది. జనం ఈలలు వేస్తున్నారు.

"ఇప్పుడు రాదు సార్," అన్నాను.

"సరే. ఆదివారం సాయంత్రం ఆరింటి దాకా వచ్చి చేయవచ్చు, నేను ఇక్కడే ఉంటాను. సోమవారం పరిశీలన మొదలైతే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు. నామినేషన్ తిరస్కరించాలి. తప్పకుండా చెప్పండి." ఆయన ఒక కాగితం మీద, ఇచ్చినవాటికి టిక్కులు పెట్టి, ప్రమాణం అన్నచోట 'చేయలేదు' అని రాసి నా చేతికిచ్చాడు.

పక్కన ఇనాయతుల్లా ఉన్నాడు, విన్నాడు. బయటికి వస్తుంటే, "మేడంకు యాది చెయ్యిన్రి సర్పంచమ్మా, లేకుంటే పరేషాన్ అయితది," అన్నాడు. 'అట్లనే' అన్నాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

చెబుదామనే ఇంటికి వచ్చాను. నమ్మితే నమ్మండి. కానీ ఆ సాయంత్రం ఇల్లంతా భూమిక జాతరే. మా ఆయన లక్ష్మీరాజం ఫోనులో ఆమె ఉపన్యాసం మూడోసారి పెట్టుకుని వింటున్నాడు. ఎరువుల దుకాణంలో మనిషితో పది మాటలు మాట్లాడనివాడు, ఆ పూట నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"సూడు, ఎంత మంచిగ మాట్లాడుతున్నదో. నువ్వు జర నేర్చుకోరాదు? నువ్వు మాట్లాడితె ఉత్త కొట్లాడినట్టే ఉంటది."

"గా పంపుహౌజు కాడ కూసున్నది నేను."

"అయితేంది? ఇంట్ల ఎవలు కూసుంటే ఏంది?"

అదే గనక ఆయన ఆ పూట నోరు మూసుకుని అన్నం తినుంటే, నేను అప్పుడే లేచి వెళ్ళి భూమికకు చెప్పేసేదాన్ని. ఇప్పటికీ అట్లాగే అనుకుంటాను. అది నిజమో కాదో మీరే తేల్చుకోండి.

రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆదివారం దాకా టైముంది కదా.

శనివారం పొద్దున ఇనాయతుల్లా బండి తుడుస్తూ అడిగాడు. "సర్పంచమ్మా, మేడంకు చెప్పిన్రా?"

"చెప్పిన," అన్నాను.

ఎట్లా వచ్చిందో ఆ మాట. నోరు తెరిచానంతే. చెప్పకపోవడం వేరు, చెప్పానని చెప్పడం వేరు. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి కూడా వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు దీపావళి. మా ఇంట్లో ఆ రోజు నోము. నోము సామాను తెస్తానని కరీంనగర్ బస్సెక్కాను. తమలపాకులు, వక్కలు, ఖర్జూరాలు అరగంటలో కొనేశాను. తర్వాత నా కాళ్ళు బట్టల దుకాణంలోకి తీసుకుపోయాయి. "ఎట్లాంటిది చూపించమంటరమ్మా?" అన్నాడు దుకాణం అబ్బాయి. "పెద్ద సభల కట్టుకునేటిది," అన్నాను. విని నాకే నవ్వొచ్చింది. అంచున్న ఆకుపచ్చ చీర తీసుకున్నాను. అద్దంలో భుజం మీద వేసుకుని చూసుకుంటే అచ్చం పోస్టరు మీద మనిషిలాగే ఉన్నాను. యాభై ఏళ్ళకు దగ్గరపడుతున్నా మొహంలో కళ తగ్గలేదు.

తిరుగు బస్సులో, చొప్పదండిలో మా తల్లిగారింటి ముందు నుంచి వస్తూ, అంతా లెక్కగా ఆలోచించుకున్నాను. నేను ఏమీ చేయట్లేదు. ఎవరి కాగితమూ చింపట్లేదు. దేవుడి ముందు చదివితే చాలనుకున్నది ఆమె. ప్రమాణం చేయకుండా బండెక్కింది ఆమె. రెండో పేరు నాది కావడం నా తప్పా? సోమవారం అందరూ లబోదిబోమంటారు, తర్వాత నా వైపు చూస్తారు. నేను కొంచెం సేపు వద్దంటాను. మా ఆయన బతిమాలతాడు. అసెంబ్లీలో నేను పంపుహౌజు సంగతి నా నోటితో చెబుతాను. భూమిక పాపం ఏడుస్తుంది. ఏడ్చినప్పుడు నేనే ఓదారుస్తాను, ఐదేళ్ళు నన్నెవరూ ఓదార్చకపోయినా సరే.

నేను ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. భూమిక ఇంట్లో లేదు. ప్రచారానికి పోయిందేమో అనుకున్నాను. చీకటి పడకముందే వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లో పీట వాల్చుకుని నా పక్కన కూర్చుంది. ఎన్నాళ్ళయిందో అట్లా కూర్చుని.

"అలసిపోయినవా?" అన్నాను.

"లేదక్కా," అంది. నేను అరిసెల పిండి పిసుకుతుంటే నా చేతుల వైపే చూస్తూ కూర్చుంది. "కాగితాల పని అంత అయిపోయినట్టేనా?"

నా చేతులు ఆగాయి. మళ్ళీ పిసకడం మొదలుపెట్టాను.

"అయిపోయింది."

"ఇంకేం మిగులలేదు గద?"

"ఏం మిగులుతది? ఫికర్ చెయ్యకు."

ఆమె తలూపి లేచి వెళ్ళిపోయింది. పాపం, అమాయకురాలు అనుకున్నాను. నిజంగా నాకు జాలేసింది. ఆ జాలి కూడా తియ్యగానే ఉంది.

ఆదివారం నోము. తోడికోడళ్ళిద్దరూ పక్కపక్క పీటల మీద కూర్చుని నోముకోవాలని మా ఇంటి పద్ధతి. పొద్దటి నుంచి ఇద్దరికీ ఉపవాసం. బయట కార్యకర్తలు, టపాకాయలు, ఫోన్లు. లోపల ఇరవై ఒకటి చొప్పున అన్నీ పేర్చుకుని మేమిద్దరం. సత్తవ్వ అత్తమ్మ నోము దారాలకు పసుపు రాసి ఇద్దరి ముందూ పెట్టింది.

"ఒకరికొకరు కట్టుకోన్రి బిడ్డా," అంది.

నేను భూమిక చేతికి కట్టాను. ఆమె నా చేతికి కట్టింది. ముడి వేస్తూ తలెత్తకుండా, మెల్లగా అడిగింది.

"అక్కా, నాకు చెప్పాల్సిన ముచ్చట ఏమన్న ఉన్నదా?"

అప్పుడు మధ్యాహ్నం రెండు. ఆర్వో ఆఫీసు పది నిమిషాల దూరం. ఆమెను చెయ్యి పట్టుకుని లేపి కారెక్కిస్తే రెండున్నరకల్లా పని అయిపోతుంది. నా గొంతు దాకా వచ్చింది. అంతలో అత్తమ్మ, "గెలిచినంక నా చిన్నకోడలు మంత్రి కూడ అయితది సూడు," అంది మురిపెంగా. పెద్దకోడలు అక్కడే కూర్చుని ఉంది. పొద్దటి నుంచి నీళ్ళు కూడా ముట్టలేదు.

"ఏం లేదు భూమికా," అన్నాను.

"సరే అక్కా," అంది. నోము కుడుము తుంచి ముందుగా నా నోట్లో పెట్టింది.

సాయంత్రం ఇంటి ముందు దీపాలు పెడుతూ గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. ఐదు. ఐదున్నర. ఆరు. ఆరు దాటాక ఒళ్ళంతా తేలికయింది. ఇక నేను చెప్పాలనుకున్నా చెప్పలేను. ఆ రోజు చిచ్చుబుడ్లు నేనే వెలిగించాను. పిల్లలు ఆశ్చర్యపోయారు, పెద్దమ్మకు ఇయ్యాల ఏమయిందని.

సోమవారం పొద్దున ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. భూమిక మామూలు నేతచీరలో వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"కొత్తదా అక్కా? మంచిగున్నది నీకు."

పరిశీలన హాలులో అన్ని పార్టీల వాళ్ళూ కుర్చీల్లో ఉన్నారు. మేం రెండో వరుసలో కూర్చున్నాం. కొత్త చీర పవిట నలగకుండా దగ్గరికి లాక్కున్నాను. కన్నీళ్ళు ఎప్పుడు పెట్టుకోవాలో, ఎట్లా 'అయ్యో' అనాలో అన్నీ అనుకునే ఉన్నాను. అధికారి ఒక్కొక్కరి కాగితాలే తీసి చదువుతున్నాడు. భూమిక పేరు వచ్చింది. కాగితాలు తిరగేశాడు. ఒకటి, రెండు, మూడు.

"అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆమోదించడమైనది."

తప్పు చదివాడనుకున్నాను. లేచి చెప్పబోయాను కూడా, సార్ ఇంకోసారి చూడండి అని. కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచాను. భూమిక నా మోచేతి మీద చెయ్యి వేసింది. మెత్తగానే వేసింది.

అధికారి తర్వాతి కాగితం తీశాడు. "సులోచన. ప్రధాన అభ్యర్థి నామినేషన్ ఆమోదం పొందినందున తిరస్కరించడమైనది."

మా వకీలు నవ్వుతూ నా వైపు వంగి, "మీ డ్యూటీ అయిపోయిందమ్మా," అన్నాడు.

బయట కారులో కూర్చున్నాక భూమిక ఇనాయతుల్లాను చాయ్ తాగి రమ్మంది. అద్దాలు పైకి ఎత్తింది. మేమిద్దరమే ఉన్నాం. నేను ముందు సీటు వెనక కుట్టు చూస్తూ కూర్చున్నాను.

"శనివారం చేసిన అక్కా ప్రమాణం," అంది. "నువ్వు కరీంనగర్ పోయినవు గద, అప్పుడు. ఇనాయత్ భాయ్ అడిగిండు, సర్పంచమ్మ చెప్పిందట గదా, ఎన్నింటికి పోదం మేడం అని."

"నువ్వేమన్నవు?"

"అవు, అక్క చెప్పింది, ఇప్పుడే పోదం పా అన్న."

"భూమికా..."

"ఎవ్వలకు తెల్వది. అత్తమ్మకు, బావకు, ఆయనకు, ఎవ్వలకు. తెల్వనియ్య కూడ." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది. "వంటింట్ల అడిగిన, నోముకాడ అడిగిన. నువ్వు చెప్తె సాలనుకున్న అక్కా. పని అయిపోయినంక గూడ, నువ్వు చెప్తవని సూసిన."

నేను ఏడవలేదు. ఓదార్చే మనిషి ఎదురుగానే ఉంది, అయినా ఏడుపు రాలేదు. తిట్టినా, అత్తమ్మ ముందు నిలబెట్టినా, ఇంట్లోంచి నడవమన్నా నేను గొడవపడేదాన్ని, గొడవ నాకు వచ్చు. ఆమె సంచిలోంచి దువ్వెన తీసి జుట్టు సర్దుకుంది. జనం కారు చుట్టూ మూగుతున్నారు.

"రేపటి సంది ప్రచారంల నువ్వు నా పక్కన్నే ఉండాలె. మనిద్దరం ఒక్కటే అని అందరు సూడాలె," అని అద్దం దించింది. అద్దం దిగేసరికి ఆమె మొహం నిండా నవ్వు ఉంది. ముసలమ్మ ఒకతె చెయ్యి చాపితే రెండు చేతులతో అందుకుని, "మా అక్క ముందుగాల, నేను తర్వాత," అని నన్ను చూపించింది. ఆ ముసలమ్మ నా చెయ్యి కళ్ళకద్దుకుంది.

రెండు వారాలు ఆమె పక్కన నిలబడి దండలు వేయించుకున్నాను. గెలిచింది, పోయినసారికంటే ఎక్కువ ఓట్లతో. ఇప్పుడు ఇంట్లో కాగితాల పని వకీలు చూస్తాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. భూమిక ఎప్పటిలాగే అక్కా అంటుంది, నేను పెట్టింది తింటుంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నాకెవరైనా అట్లా చేసుంటే ఊరంతా వినేట్టు అరిచేదాన్ని. రెండు రోజులు తెలిసి, నా పక్కన కూర్చుని, నోట్లో కుడుము పెట్టి, మొహం మీద ఒక్క గీత కదలనియ్యలేదు ఆ పిల్ల. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు పది నిమిషాల్లో ఏం చూశారో నాకు ఆ కారులో అర్థమయింది. సీటు నాకెందుకు ఇవ్వలేదో కూడా అర్థమయింది. అర్థమయ్యాక నా కుళ్ళు చల్లారిందేమో అనుకునేరు. ఇంతకుముందు ఆమె కుర్చీ చూసి కుళ్ళుకునేదాన్ని, ఇప్పుడు ఆమెను చూసి కుళ్ళుకుంటున్నాను.